అనాథ కూడలి

రోజుకి నలభై కెపాసిటర్లు కొలవనిదే హిక్మత్ టీ ముట్టడు. ఉదయం ఏడున్నరకి ప్రయోగశాల తాళం తీసి, కోటు మేకుకి తగిలించి, కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుంటాడు. డబ్బాలోంచి ఒక్కొక్కటే తీసి మీటరుకి తగిలిస్తాడు. ఒంటి మీద వంద అని అచ్చయి ఉన్నది మీటరు మీద ఎనభై ఏడు చూపిస్తుంది. ఇంకోటి నూట తొమ్మిది. అసలు అంకెను దాని మీదే సన్న కుంచెతో రాసి ఆరబెడతాడు. రంగు ఆయన భార్య నజ్వా గోళ్లకి వేసుకునేది. ఉస్తాద్ గారి ప్రయోగశాలకి వస్తే పెళ్లికూతురి గదిలోకి వచ్చినట్టు వాసన వేస్తుందని పిల్లలు ఆటపట్టిస్తారు. ఆయన నవ్వడు, కోప్పడడు. అచ్చువేసిన అంకెతో లెక్క చేస్తే ఫిల్టరు శబ్దాన్ని ఆపేది ఒక చోట, అసలు అంకెతో చేస్తే ఇంకో చోట; పిల్లవాడు తనకే లెక్క రాలేదనుకుంటాడు. అది జరగకూడదని ఆయన పట్టుదల.

హిక్మత్ ఇంజనీరు కాడు. అలెప్పోలోని ఒక సాంకేతిక విద్యాలయంలో ఎలక్ట్రానిక్స్ ప్రయోగశాల చూసుకునే మనిషి. చేతిలో రెండేళ్ల డిప్లొమా, వెనక ఇరవై ఏడేళ్ల ఉద్యోగం. నిబంధనల ప్రకారం ఆయన పని సామాను ఇవ్వడం, తిరిగి తీసుకోవడం, కాలినవాటిని బాగుచేయడం. పాఠం చెప్పడం ఇంజనీర్ల పని.

రెండో ఏడాది పిల్లలు భయపడే పాఠం ఒకటుంది. కీచు శబ్దాలను ఆపేసి, మంద్రంగా ఉన్నవాటిని పోనిచ్చే ఫిల్టరు. రెండు రెసిస్టర్లు, రెండు కెపాసిటర్లు, ఒక ఆంప్లిఫయర్ చిప్పు, అరచేతిలో పట్టేంత. బల్ల మీద దాన్ని కట్టడం ఎవరికైనా వస్తుంది. లోపలికి ఇంత వెళ్తే బయటికి ఎంత వస్తుందో చెప్పే సూత్రాన్ని కాగితం మీద మొదటి నుంచీ రాబట్టమంటేనే కలం కదలదు. పుస్తకంలో సూత్రం మొదటి వరస ఉంటుంది, చివరి వరస ఉంటుంది. మధ్యలో ‘దీన్ని సులభంగా చూపవచ్చు’ అని ఉంటుంది.

ఆ మధ్య భాగానికి హిక్మత్ ఒక దారి వేశాడు. ఆ వలయంలో, అంటే సర్క్యూట్‌లో, మిగతా ప్రతి బిందువుకీ ఒక ఇల్లుంది. ఒకటి లోపలికి వచ్చే వోల్టేజి, ఒకటి బయటికి పోయేది, ఒకటి భూమి. రెండు రెసిస్టర్లు కలిసే కూడలి ఒక్కటే ఎవరికీ చెందదు. పుస్తకాలు దానికేదో లాటిన్ అక్షరం తగిలించి దాటిపోతాయి. హిక్మత్ మాత్రం దాని చుట్టూ సుద్దతో సున్నా చుట్టి, లోపల ‘యా’ అనే అరబ్బీ అక్షరం రాస్తాడు. యతీమ్, అనాథ. ముందు అనాథకి పేరు పెట్టాలి. దాని దగ్గరికి వచ్చే కరెంటుని ఒకవైపు, దాన్నుంచి పోయే కరెంటుని ఇంకోవైపు రాసి రెండూ సమానమనాలి. చిప్పు కాలి దగ్గర కూడా అదే పని చేయాలి. రెండు సమీకరణాలు చేతికొచ్చాక అనాథని కొట్టేయాలి. చివరి సూత్రంలో అది ఎక్కడా కనిపించకూడదు; కనిపించిందంటే ఎక్కడో తప్పు చేశామన్నమాట. అప్పుడు శబ్దం ఎంత కీచుగా ఉందో చెప్పే అక్షరం ‘ఎస్’ ఉన్న చోట సున్నా పెట్టి చూడాలి, మంద్రం మొత్తం బయటికి రావాలి. అనంతం పెట్టి చూడాలి, ఏమీ రాకూడదు. ఈ రెండూ సరిపోతే కలం మూయవచ్చు.

ఇంజనీర్ ముంజిర్ ఈ బల్లల దగ్గరే పద్నాలుగేళ్ల కిందట ఇది నేర్చుకున్నాడు. అప్పుడతను మసకబారిన కళ్లద్దాలతో వెనక బల్ల మీద కూర్చునే పొడుగు పిల్లవాడు. తరగతిలో మొదటి స్థానం రావడంతో విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు సీటు దొరికింది. చదువు ముగించి, అక్కడి మగవాళ్లంతా చేయాల్సిన సైనిక సేవ చేసి, ఏడేళ్ల కిందట ఇక్కడికే పాఠాలు చెప్పేవాడిగా తిరిగివచ్చాడు. వచ్చిన రోజు మిఠాయి డబ్బాతో నేరుగా ప్రయోగశాలకే వచ్చి హిక్మత్ చేయి ముద్దుపెట్టుకున్నాడు. అందరి ముందూ బాబాయ్ అనే పిలిచేవాడు. నెలకోసారైనా నజ్వా చేతి కిబ్బె, గోధుమ రవ్వలో మాంసం కూరి వేయించిన ఉండలు, తినకుండా ఉండేవాడు కాదు.

తరువాత అతనికి పెళ్లయింది. బావమరిదితో కలిసి పెళ్లి హాళ్లకు మైకులు, స్పీకర్లు బిగించే వ్యాపారం మొదలుపెట్టాడు. పెళ్లిళ్లు ఎక్కువగా గురువారం. ఫిల్టర్ల పాఠం కూడా గురువారమే. ఒకరోజు ఆ రెండు గంటలూ మీరే చూసుకోండి బాబాయ్ అన్నాడు. మరో గురువారం మళ్లీ అన్నాడు. మూడో నెల నుంచి అనడం మానేశాడు, అది అలవాటైపోయింది. పాఠం హిక్మత్ చెప్పేవాడు. హాజరు పట్టీలో ఆ గంటలకి సంతకం శనివారం వచ్చి ముంజిర్ పెట్టేవాడు. కాగితం మీద ఎవరూ ఏమీ రాయలేదు. హిక్మత్ అడగలేదు కూడా. ఉన్నమాట చెప్పుకోవాలంటే, వారమంతా ఆయన ఎదురుచూసేది ఆ రెండు గంటల కోసమే.

ఆ ఏడాది వేసవి పరీక్షకి ముంజిర్ ఒక విదేశీ పుస్తకంలోంచి ప్రశ్న ఎత్తాడు. మామూలు ఫిల్టరుకి ముందు ఇంకో రెసిస్టరు, ఇంకో కెపాసిటరు. తరగతిలో ఎవరూ చూడని వలయం. ఇద్దరు ముగ్గురు రాస్తే గొప్పే అనుకున్నాడు. ముప్పై ఒక్క మందిలో ఇరవై ఎనిమిది మంది రాశారు.

జవాబు కాగితాల మూలలు మడిచి, పేర్లు కనబడకుండా నల్ల కాగితం అంటించి, దిద్దడానికి వేరే ఊరి విద్యాలయానికి పంపుతారు. అక్కడ దిద్దిన ఇంజనీర్ ఖుతైబా మొదటి కాగితంలో ‘యా’ చూసి ఏదో పిల్లవాడి చేష్ట అనుకున్నాడు. పదో కాగితంలోనూ అదే అక్షరం చూసి కలం కింద పెట్టాడు. ఇరవై ఎనిమిది కాగితాల్లో రెండు కూడళ్ల చుట్టూ రెండు సున్నాలు. మొదటి యా, రెండో యా. ముందు రెండోదాన్ని కొట్టేయడం, తరువాత మొదటిదాన్ని. చివర సున్నా, అనంతం. ఏ పుస్తకంలోనూ లేని అక్షరం ఇరవై ఎనిమిది మందికీ ఒకేసారి ఎలా తోచింది? కాగితాల కట్ట మీద ఎర్ర సిరాతో ఒక్క మాట రాసి వెనక్కి పంపాడు: నఖ్ల్.

మన ప్రభుత్వ కచేరీల్లో వాడే నకలు ఈ మాటే. వాళ్లకి దానితో పనులెక్కువ. పరీక్షలో చూసి రాస్తే నఖ్ల్. ఉద్యోగిని ఊరు మార్చినా నఖ్ల్. లోపలి వోల్టేజిని బయటికి చేరవేసే ఆ సూత్రం పేరులోనూ నఖ్లే. వార్త బయటికి పొక్కిన రోజు వరండాలో ఒక కుర్రాడు, నకలు సూత్రం రాస్తే నకలు కొట్టారన్నారు, ఇక ఎవరినో ఒకరిని నకలు చేస్తారు చూడండి అన్నాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. చూసి రాశారని తేలితే తరగతి మొత్తానికి ఏడాది పోతుంది. ఏడాది పోయిన మగపిల్లలకి చదువు పేరుతో ఇచ్చిన సైన్యపు వాయిదా కూడా పోతుంది. అలాంటివాళ్లు పందొమ్మిది మంది ఉన్నారు.

ప్రశ్న ఎలా బయటికి వెళ్లిందనేది ఇంకో సంగతి. ప్రశ్నపత్రాలు అచ్చుకొట్టే యంత్రం ప్రయోగశాల పక్క గదిలో ఉంటుంది. ఆ గది తాళం హిక్మత్ దగ్గర ఉంటుంది. ఎవరూ ఆయన మొహం మీద ఏమీ అనలేదు. ఆయన లోపలికి రాగానే సిబ్బంది గదిలో మాటలు మాత్రం ఆగిపోయేవి.

విచారణకి ముగ్గురితో కమిటీ వేశారు. ప్రిన్సిపాల్, కాగితాలు దిద్దిన ఖుతైబా, ఆ పాఠానికి బాధ్యుడు కాబట్టి ముంజిర్.

రెండు రోజుల ముందు ముంజిర్ హిక్మత్ ఇంటికి వచ్చాడు. ఈసారి మిఠాయి లేదు. కూర్చున్నాక చాలాసేపు కళ్లద్దాలు తుడుచుకున్నాడు. ప్రశ్న బయటికి పోలేదని తనకి తెలుసన్నాడు. ఆ అక్షరం ఎక్కడిదో తనకన్నా ఎవరికి బాగా తెలుసు అన్నాడు. కానీ కమిటీకి చెప్పాలంటే పిల్లలకి ఆ పద్ధతి ఎవరు నేర్పారో కూడా చెప్పాలి, అదీ చిక్కు అన్నాడు. హిక్మత్‌కి పాఠం చెప్పే అధికారం లేదు.

“బాబాయ్, మీరు ధైర్యంగా ‘నేనే చెప్పాను’ అనండి,” అన్నాడు. “మిగతాది నాకొదిలేయండి. ఆ గంటలు మీకు అప్పగించింది నేనేనని అందరి ముందూ చెప్తాను. ఒక చీవాటు పెడతారు, పడతాను. అంతకన్నా ఏముంది?”

హిక్మత్ సరే అన్నాడు. ముంజిర్ వెళ్లాక నజ్వా పళ్లేలు తీస్తూ, అదే మాట కాగితం మీద రాసివ్వమనాల్సింది అంది.

“వాడి దగ్గర కాగితమేంటే?” అన్నాడు హిక్మత్. “వాడి మొదటి లెక్క దిద్దింది నేను.”

కమిటీ సోమవారం పొద్దున పది గంటలకి కూర్చుంది. హిక్మత్‌ని బయట బెంచీ మీద గంట కూర్చోబెట్టి లోపలికి పిలిచారు. ప్రిన్సిపాల్ యంత్రాల శాఖ మనిషి, ఫిల్టర్ల సంగతి ఆయనకి అంతంతమాత్రం. ఖుతైబా కాగితాల కట్ట ముందు పెట్టుకుని, ముంజిర్ వైపు తిరిగి, మీరు చూసిన ఏ పుస్తకంలోనైనా కూడలికి ఈ అక్షరం వాడటం ఉందా అని అడిగాడు. లేదు అన్నాడు ముంజిర్. ఆ మాట నిజమే. హిక్మత్ తరువాతి మాట కోసం చూశాడు. ముంజిర్ ఇంకేమీ అనలేదు. దానికి ఇంకా వేళ కాలేదేమో అనుకున్నాడు హిక్మత్.

కుర్చీ ఇవ్వలేదు కాబట్టి నిలబడే మాట్లాడాడు. పిల్లలు చూసి రాశారో, తెలిసి రాశారో కాగితాలు చూస్తే తేలదు, ఒక్కరిని పిలిచి మీకు నచ్చిన వలయం ఇవ్వండి, ఎవరిని పిలవాలో మీరే చెప్పండి అన్నాడు. ఖుతైబా జాబితా మీద కళ్లు మూసుకుని వేలు పెట్టాడు. రగద్ అనే అమ్మాయి పేరు మీద పడింది.

రగద్ వచ్చింది. ఖుతైబా బోర్డు మీద పూర్తిగా వేరే రకం ఫిల్టరు గీశాడు. ఇందులో ఒక్క కూడలి దగ్గరే నాలుగు దారులు కలుస్తాయి, చిప్పు ఒక కాలు భూమిలో ఉంటుంది, జవాబు తలకిందులుగా వస్తుంది. ఆ పిల్ల దాన్ని ఎప్పుడూ చూడలేదు. కాసేపు సుద్దముక్క పట్టుకుని నిలబడింది. ముంజిర్ బల్ల మీద కాగితాల అంచులు సరిచేస్తూ కూర్చున్నాడు. తరువాత ఆమె కూడలి చుట్టూ సున్నా చుట్టి ‘యా’ రాసింది.

“ఈ అక్షరమెందుకమ్మా?” అన్నాడు ఖుతైబా.

“అది అనాథ సార్. వలయంలో దానికి పేరు లేదు. ముందు పేరు పెడితేగానీ అది మాట వినదు.”

ప్రిన్సిపాల్ నవ్వు ఆపుకున్నాడు. రగద్ నాలుగు కరెంట్లు రాసింది. ఒక చోట గుర్తు తప్పింది, రెండు వరసల తరువాత తనే గమనించి తలకి చుట్టుకున్న రుమాలు కొసతో తుడవబోయి, గుడ్డ తీసుకుని తుడిచింది. పద్దెనిమిది నిమిషాల్లో అనాథని కొట్టేసింది. సున్నా పెట్టి చూపించింది, అనంతం పెట్టి చూపించింది. ఖుతైబా తన దగ్గరున్న పుస్తకం తెరిచి చివరి వరసతో పోల్చుకున్నాడు. పుస్తకం మూసి, ఆ ఎర్ర సిరా మాట నేను వెనక్కి తీసుకుంటున్నాను అన్నాడు. మంచి మనిషి. దానికి పెద్దగా సమయం తీసుకోలేదు.

పిల్లల గండం అక్కడితో గడిచింది. హిక్మత్ ఒళ్లు తేలికపడింది. ఆ తేలికలో ఉండగానే ప్రిన్సిపాల్ రగద్‌ని, ఇది నీకు ఎవరు చెప్పారమ్మా అని అడిగాడు. ఆ పిల్ల ముంజిర్ వైపు చూసింది, హిక్మత్ వైపు చూసింది, తల దించుకుంది.

“నేనే చెప్పాను,” అన్నాడు హిక్మత్. “ఆరేళ్లుగా చెప్తున్నాను.”

“ఎవరి ఆదేశం మీద?”

అది ముంజిర్ మాట్లాడాల్సిన చోటు. హిక్మత్ అతని వైపు తిరిగాడు. ప్రిన్సిపాల్ కూడా తిరిగాడు.

“ఏం ఇంజనీర్, మీరే అప్పగించారా?”

ముంజిర్ చేతిలోని కాగితాలని బల్ల మీద నిలబెట్టి రెండుసార్లు తట్టాడు. “ప్రయోగం వరకే అప్పగించాను సార్,” అన్నాడు. “పాఠం సంగతి నాకు తెలియదు. నా గంటలకి నా సంతకాలున్నాయి, చూసుకోవచ్చు.”

గొంతు ఎక్కడా వణకలేదు. వణికి ఉంటే హిక్మత్‌కి కొంత ఊరటగా ఉండేదేమో. రగద్ నోరు తెరిచింది. గురువారాలు ఎవరు వచ్చేవారో ముప్పై ఒక్క మందికీ తెలుసు. హిక్మత్ చేయి కొంచెం ఎత్తి వద్దన్నాడు. ఆమె పట్టా మీద సంతకం చేయాల్సిన వాళ్లలో ముంజిర్ కూడా ఉన్నాడు. నువ్వు వెళ్లమ్మా, బాగా చేశావు అని మాత్రం అన్నాడు.

ప్రిన్సిపాల్ మనసులో ఏముందో గానీ, ఆయన ముందున్నవి రెండు. ఒకటి ఆరేళ్ల హాజరు పట్టీ. ఇంకోటి అధికారం లేకుండా పాఠం చెప్పానని ఒప్పుకున్న మనిషి మాట. రాయాల్సింది రాశాడు. పిల్లలు చూసి రాయలేదు, ఫలితాలు ప్రకటించవచ్చు. ప్రయోగశాల ఉద్యోగి ఎవరి అనుమతీ లేకుండా ఆరేళ్లు పాఠాలు చెప్పాడు, వేరే చోటికి పంపవచ్చు. ముగ్గురూ సంతకాలు చేశారు. సంతకానికి ముందు ఖుతైబా, ఈయన్ని పంపేస్తే ఈ పాఠం ఎవరు చెప్తారని అడిగాడట. బాధ్యుడు ఇక్కడే ఉన్నాడు కదా అని ప్రిన్సిపాల్ ముంజిర్‌ని చూపించాడట. ఇది తరువాత గుమాస్తా చెప్పిన మాట.

ముంజిర్ మెట్ల దగ్గర అందుకున్నాడు. పక్కన నడుస్తూ తగ్గు గొంతుతో మాట్లాడాడు. నిన్న రాత్రి బావమరిది కూర్చోబెట్టి లెక్క చెప్పాడట. ఒప్పుకుంటే ఆరేళ్ల గంటల జీతం వెనక్కి లాగుతారు, తప్పుడు సంతకాల కేసు పెడతారు, ఉద్యోగం పోతుంది.

“మీకైతే ఊరు మారడం, అంతే బాబాయ్. నాకైతే అంతా పోతుంది. నా స్థానంలో మీరుంటే ఏం చేసేవారు?”

హిక్మత్ ఆగాడు.

“నిన్న రాత్రే తేల్చుకున్నావు,” అన్నాడు. “పొద్దున ఫోన్ చేసి ‘నేను చెప్పను’ అనుంటే సరిపోయేది. నేను ఎలాగూ నేనే చెప్పాననేవాణ్ణి, పిల్లల కోసం. నీ వైపు తిరిగి చూసేవాణ్ణి కాదు.”

హిక్మత్ మెట్లు దిగిపోయాడు.

ఇంటికొచ్చి నజ్వాకి జరిగింది జరిగినట్టు చెప్పాడు. నేను ముందే అన్నానని ఆమె అనలేదు. బెండకాయలు కోస్తూ విని, చాకు పక్కన పెట్టింది. “ఏడేళ్లు ఈ ఇంట్లో కిబ్బె తిన్నాడు,” అంది. “ఉప్పు తక్కువ వేశానేమో.” ఆ మాటకి ఇద్దరూ నవ్వారు. తరువాత హిక్మత్ లోపలి గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు. ఆమె అన్నానికి కూడా పిలవలేదు.

ప్రయోగశాల అప్పగించడానికి నాలుగు రోజులు పట్టింది. తీసుకోవాల్సింది ముంజిరే, అతను గుమాస్తాని పంపాడు. ఫలితాలు అంటించిన రోజు పిల్లలు ప్రయోగశాల గుమ్మం దాకా వచ్చారు. సైన్యపు వాయిదా నిలబడ్డ ఒక కుర్రాడు వంగి చేయి ముద్దుపెట్టుకోబోతే హిక్మత్ లాక్కున్నాడు. ఆ పని ఇంకొకడు చేసి చూపించాడు, ఇక చాలు అన్నాడు. ఆ ఇంకొకడెవరో పిల్లలకి తెలియదు, అడగలేదు.

ఆయన్ని సఫీరా పట్టణంలోని పారిశ్రామిక పాఠశాలకి పంపారు. ఇరవై ఐదు కిలోమీటర్లు. సామాన్ల గది పని. రేకు డబ్బాల్లో బోల్టులు, రంపాలు, నీలం పని దుస్తులు. అక్కడి పెద్దమాస్టారు మొదటి రోజే, మీ మీద వచ్చిన కాగితం చదివాను, ఇక్కడ పాఠాలు గీఠాలు వద్దు అని చెప్పాడు. చెప్పనని హిక్మత్ మాటిచ్చాడు. చెప్పలేదు కూడా. మధ్యాహ్నం రెండింటికి గది మూసి, రెండున్నర బస్సులో ఇంటికి వచ్చేవాడు.

నవంబరులో ఒక గురువారం పెద్దమాస్టారి గదిలో ఫోన్ మోగింది. అలెప్పో విద్యాలయంలో ఈ ఏడాది నుంచి ఫిల్టర్ల ప్రశ్న ఖుతైబానే పెడతాడని, ప్రతిసారీ కొత్త వలయం ఇస్తాడని, జవాబుకి కాదు, మధ్య వరసలకే మార్కులని ఒక ఉత్తర్వు వచ్చిందట. ఆ సంగతి అప్పటికే సఫీరా దాకా చేరింది. పెద్దమాస్టారు ఫోన్ చేత్తో మూసి, సామాన్ల గది వైపు తిరిగి, హిక్మత్‌ని అక్కడి అలవాటు ప్రకారం కొడుకు పేరుతో కలిపి కేకేశాడు.

“అబూ సుహైల్, ఎవరో ఇంజనీరట. ఏదో కూడలి గురించి బాబాయ్‌ని అడగాలంటున్నాడు.”

హిక్మత్ బోల్టుల డబ్బా మీంచి తల ఎత్తలేదు.

“నాకు అన్నదమ్ములు లేరని చెప్పండి,” అన్నాడు.

ఆ నెలలో ఫోన్ ఇంకో మూడుసార్లు వచ్చింది.